ప్రార్థన చేశారు సరే, రక్తమిచ్చారా?

హైదరాబాద్‌లో లింగంపల్లి నుంచి మియాపూర్ దాకా గోడలు చదువుకుంటూ ఒక్కసారి నడవండి. కోచింగ్ సెంటర్ కరపత్రాలకీ లేడీస్ హాస్టల్ ఫోన్ నంబర్లకీ నడుమ ఎక్కడో ఒకచోట స్వస్థత కూటం పోస్టర్ కనిపిస్తుంది. కోటు తొడిగిన దైవజనుడు, చేతిలో మైకు, వెనక మెరుపులు. కింద రోగాల జాబితా: పక్షవాతం, సంతానలేమి, షుగరు, క్యాన్సర్. ఆ కింద సెల్ నంబరు.

ఆ జాబితాలో నాలుగోది నాకొచ్చింది. కాబట్టి ఈ సంగతి మాట్లాడే హక్కు ఆ పోస్టర్ మీది మనిషికన్నా నాకే ఎక్కువ.

నేను క్రైస్తవురాలిని. మా పెద్దలు ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ నదిలో మునిగి లేచి బాప్తిస్మం తీసుకున్నవాళ్లు. ఆ తర్వాత తరతరాలుగా టీచర్లు, నర్సులు, కాంపౌండర్లు. నేను రాయదుర్గంలో ఒక కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను. నాది రొమ్ము క్యాన్సర్. కీమో అయింది, ఆపరేషన్ అయింది, రేడియేషన్ అయింది. ప్రార్థన మొదటి రోజు నుంచీ ఉంది, ఇప్పటికీ ఉంది. మొదటి మూడింటి కష్టాన్నీ తుడిచేసి మొత్తం ప్రార్థన ఖాతాలో జమ కట్టుకునేవాళ్లతో నాకు గొడవ. ప్రార్థనను అడ్డం పెట్టుకుని చేయాల్సిన పని ఎగ్గొట్టేవాళ్లతో ఇంకా పెద్ద గొడవ. మీరు ఈ రెండు గుంపుల్లో ఏదో ఒకదానిలో ఉండి ఉంటారు. ఉంటే చదవండి. కోపమొస్తే రానివ్వండి.

డే కేర్ వార్డులో నా పక్క కుర్చీలోకి ఒకావిడ వచ్చింది. నలభై దాటి ఉండవు. కూర్చోగానే చున్నీ మీద సెంటు చల్లుకుంది, కాసేపయ్యాక మళ్లీ చల్లుకుంది. సిస్టర్ కట్టు విప్పేసరికి నాకు అర్థమైంది. గడ్డ చర్మాన్ని చీల్చుకుని పుండై బయటికొచ్చేసింది. ద్రాక్షపండంత ఉన్నప్పుడే చేతికి తగిలిందట. ఏడాది పొద్దు నూనె రాసుకుంది. ప్రార్థించిన నూనె, సీసా మీద పాస్టరు అయ్యగారి ఫొటో. "డాక్టరు దగ్గరికి వెళితే దేవుడి మీద అనుమానపడ్డట్టే" అని చెప్పారట. భర్త మాటకు ఎదురు చెప్పలేదు, భర్త అయ్యగారి మాటకు ఎదురు చెప్పలేదు. ఆ ఏడాదిలో గడ్డ ఎవరి మాటా వినలేదు.

ఆ సీసా అమ్మినవాణ్ణి ఏమనాలి? హంతకుడనడానికి చట్టం ఒప్పుకోదేమో. కానీ చట్టం ఒప్పుకునే మాట ఒకటుంది. 1954లోనే ఈ దేశంలో మంత్ర చికిత్సల ప్రకటనల మీద నిషేధం తెచ్చారు. తాయెత్తు, మంత్రం, కవచం, ఇంకా అలాంటి ఏ మహిమ వస్తువుతోనైనా ఫలానా రోగాలు నయమవుతాయని ప్రకటించడం నేరం. ఆ రోగాల పట్టికలో క్యాన్సర్ ఉంది. మొదటిసారి పట్టుబడితే ఆరు నెలల దాకా జైలు, మళ్లీ పట్టుబడితే ఏడాది దాకా. మెట్రో స్తంభం మీద అంటించిన పోస్టరుకు ఈ చట్టం ఎందుకు అంటుకోదు? అధికారులకు కళ్లు లేక కాదు. మతం పేరు పడగానే అందరికీ కాళ్లు వెనక్కి పడతాయి. నావాళ్ల మీద నేనే అడుగుతున్నాను కాబట్టి ఎవరూ మనోభావాలు దెబ్బతిన్నాయని అరవక్కర్లేదు. పుండు వాసన దాచుకోవడానికి సెంటు చల్లుకున్న మనిషికీ మనోభావాలున్నాయి.

వాక్యం చూపించు అంటారు మావాళ్లు. చూపిస్తాను.

యెషయా 38వ అధ్యాయం తెరవండి. హిజ్కియా రాజు చావుకు దగ్గరయ్యాడు. గోడవైపు తిరిగి ఏడ్చి ప్రార్థించాడు. దేవుడు 15 ఏళ్ల ఆయుష్షు పెంచాడు. ఇంతవరకూ ప్రతి స్వస్థత కూటంలోనూ ప్రసంగిస్తారు. ఆ తర్వాత ప్రవక్త ఏం చేయించాడో మాత్రం ఎవరూ చదవరు. అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండుకు కట్టమన్నాడు. దేవుడు మాట ఇచ్చేశాక కూడా కట్టు కట్టించాడు! మత్తయి నాలుగో అధ్యాయానికి రండి. యేసును దేవాలయ శిఖరం మీదికి తీసుకెళ్లి, దూకితే దూతలు పట్టుకుంటారని చెప్పింది ఎవరు? సాతాను. దేవుణ్ణి పరీక్షించకూడదని దూకకుండా నిలబడింది ఎవరు? యేసు. కీమో మానేసి విశ్వాసం చూపించమనే ప్రతి దైవజనుడూ ఆ శిఖరం మీద తాను ఎవరి స్థానంలో నిలబడి మాట్లాడుతున్నాడో చూసుకోవాలి.

పన్నెండేళ్లు రక్తస్రావంతో బాధపడిన స్త్రీ వైద్యుల చుట్టూ తిరిగి ఆస్తంతా పోగొట్టుకుందని మార్కు రాశాడు. వైద్యం దండగ అనడానికి ఈ మాటే పట్టుకొస్తారు. ఆ మాటలో నాకు వినిపించేది ఒక పేద రోగి బిల్లు గురించి పెట్టుకున్న ఫిర్యాదు. అది ఇవాళ్టికీ తీరలేదు. తీర్చే దమ్ముంటే మీ సంఘం కానుకల డబ్బాలోంచి ఆమె స్కానింగ్ డబ్బు కట్టండి. అంతేగానీ ఆమె పేరు చెప్పి ఇంకొకరి చికిత్స ఆపకండి. సువార్త రాసినవాళ్లలో లూకా వైద్యుడని కూడా గుర్తుపెట్టుకోండి.

నూనె సంగతే తీసుకుందాం. ఇక్కడికి కొన్ని గంటల దూరంలో, నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో, 1915 నుంచి ఇసబెల్ కెర్ అనే స్కాట్లాండ్ మిషనరీ డాక్టరమ్మ కుష్ఠురోగుల ఆసుపత్రి నడిపింది. రాజా నర్సాగౌడ్ అనే స్థానిక దాత ముందుకొచ్చి డబ్బిచ్చాడు. ఆమె కూడా నూనే వాడింది. చాల్‌మోగ్రా జాతి గింజల నూనె. సీసాలో పోసి ఫొటో అంటించలేదు, సూదిమందుగా ఎక్కించింది. ఊరి బయటికి నెట్టేసిన మనుషులను చేరదీసింది. ఆనాటికి తెలిసిన మందుల్లో మెరుగైనది అదే, ఆమె దాన్ని పట్టుకుంది. గుంటూరులో అన్నా కుగ్లర్ 1883లో అడుగుపెట్టి, 1898లో ఆడవాళ్లకోసం ఆసుపత్రి తెరిచింది. వేలూరులో ఐడా స్కడ్డర్ 1900లో ఒక్క మంచంతో మొదలుపెట్టిన చోటికి మన రెండు రాష్ట్రాల నుంచీ ఇప్పటికీ రైళ్లలో రోగులు వెళుతున్నారు. వీళ్లెవరికీ విశ్వాసం చాలలేదా? విశ్వాసం చాలడం వల్లే సముద్రాలు దాటి వచ్చి స్టెతస్కోపు పట్టుకున్నారు. ఆ వారసత్వంలో పుట్టి, ఆ ఆసుపత్రుల్లో నర్సులై పొట్టపోసుకుని, పిల్లల్ని ఇంజనీర్లను చేసి, ఇప్పుడు కొండాపూర్ అపార్టుమెంట్‌లో కూర్చుని మందు లోకసంబంధమైనది అనడానికి నోరెలా వస్తుంది?

మందు లోకసంబంధమైనదే అనుకోండి, లోకాన్ని చేసిందెవరు? భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో తన బృందంతో అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ తయారు చేయించాడు. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ ఆ అమినోప్టెరిన్‌ను ల్యుకేమియా పిల్లలకు ఇచ్చి, 1948లో ఫలితాలు ప్రకటించాడు. 16 మంది పిల్లల్లో 10 మందికి రోగం వెనక్కి తగ్గింది, కొన్నాళ్లకే అయినా తగ్గింది. సుబ్బారావు ఆ ఏడాదే పోయాడు. ఆయన మన సంఘం సభ్యుడు కాదు. ఫార్బర్ యూదుడు. మీ పెరట్లో, మీ చర్చి ప్రహరీ పక్కన విరగబూసే బిళ్ళగన్నేరు నుంచే విన్‌క్రిస్టిన్ అనే కీమో మందు తీస్తారు. ఆకులు నమిలి ప్రాణం మీదికి తెచ్చుకోకండి, అది ఫ్యాక్టరీలో శుద్ధిచేసి కొలిచి ఎక్కించే మందు. నేను చెప్పేదల్లా ఒకటే. దేవుడు సాయం పంపేటప్పుడు మీ సభ్యత్వ రిజిస్టరు చూడడు.

చికిత్స మానేస్తే ఏమవుతుందో అంకెల్లో కావాలా? యేల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2018లో అచ్చయిన అధ్యయనంలో, మామూలు చికిత్స పూర్తిగా వదిలేసి ప్రత్యామ్నాయాలనే నమ్ముకున్న 281 మంది క్యాన్సర్ రోగులను, చికిత్స తీసుకున్నవాళ్లతో పోల్చారు. చనిపోయే ముప్పు రెండున్నర రెట్లు. రొమ్ము క్యాన్సర్‌లో అయిదు రెట్లు దాటింది. అది ప్రార్థన మీద చేసిన అధ్యయనం కాదు, నిజమే. ప్రార్థన చేస్తూ చికిత్స తీసుకున్నవాళ్ల జోలికి అది పోలేదు, నేనూ పోను. చికిత్స స్థానంలో ప్రత్యామ్నాయాన్ని పెడితే ముప్పు పెరుగుతుందని మాత్రం తేలింది.

ఇక మాత్రలు విసిరేయించే ఒక అయ్యగారి కథ. ఆయనకు ఛాతీలో నొప్పి వచ్చింది. ఇంట్లోవాళ్లు క్షణం ఆలస్యం చేయకుండా కార్పొరేట్ ఆసుపత్రికి తీసుకెళ్లారు. స్టెంట్లు వేశారు. బతికాడు, దేవుడికి స్తోత్రం, నేను మనస్ఫూర్తిగానే అంటున్నాను. కానీ తిరిగొచ్చి వేదికెక్కి ఏం చెప్పాడు? దేవుడు తనను కొన్నాళ్లు ఏకాంతంలో ఉంచాడన్నాడు. స్టెంటు మాట లేదు. ఏ రాత్రి ఏ డాక్టరు నిద్రలేచి వచ్చాడో లేదు. ఆ సభలో బీపీ మాత్రలు మానేసిన ముసలమ్మలు కూర్చుని ఆమెన్ అన్నారు. తన గుండెకు ఒక న్యాయం, విశ్వాసి రొమ్ముకు ఒక న్యాయం! దీన్ని వేషధారణ అనడానికి యేసు జంకలేదు, నేనెందుకు జంకాలి?

పోస్టర్లు వేయని మర్యాదస్తుల సంఘాల్లో కూర్చున్నవాళ్లు ఇదంతా చదివి తలాడిస్తూ ఉండొచ్చు. ఆగండి. మీ దగ్గరికే వస్తున్నాను.

2020లో ఐసీఎంఆర్ క్యాన్సర్ రిజిస్ట్రీ నివేదిక వచ్చింది. దాని ప్రకారం దేశంలో లెక్కలు తీసిన చోట్లన్నిటిలోనూ రొమ్ము క్యాన్సర్ రేటు ఎక్కువగా ఉన్నది హైదరాబాద్‌లో, ఏటా లక్ష మంది స్త్రీలకు 48. ఈ ఊళ్లో ప్రతి చర్చికీ స్త్రీల సమాజం ఉంది. ఏటా ఒక ఆదివారం ఆడవాళ్లే ఆరాధన నడుపుతారు, ఒకే రంగు చీరలు కట్టుకుని పాటలు పాడతారు. ఆ వేదిక మీద రొమ్ము అనే మాట ఎప్పుడైనా విన్నారా? గడ్డ తగిలితే దాచుకోకండి, నొప్పి లేకపోయినా చూపించుకోండి అని పాస్టరమ్మగారు ఒక్కసారైనా అన్నారా? సిగ్గట. ఆ సిగ్గు ఎంతమందిని తినేసిందో సమాధుల తోటలో అడగండి.

గడ్డ బయటపడ్డాక పరామర్శలు మొదలవుతాయి. మా ఫ్లాటు గుమ్మం ముందు చెప్పులు లిఫ్టు దాకా పరుచుకున్న సాయంత్రం నాకు బాగా గుర్తు. కీమో ఎక్కించుకుని వారం దాటింది. సరిగ్గా అప్పుడే తెల్లకణాలు అడుగంటుతాయి. మామూలు జలుబు కూడా ఐసీయూకి లాక్కెళ్లగలదు. ఆ సమయంలో హాలు నిండా మనుషులు. ముక్కు కారుతున్న పిల్లలు సోఫా మీద గెంతుతున్నారు. ఒకాయన దగ్గు ఆపుకుంటూనే నా బోడి తల మీద రెండు చేతులూ ఉంచి గట్టిగా ప్రార్థన ఎత్తుకున్నాడు. మా అమ్మ వంటింట్లో టీ గ్లాసులు సరిపోక పక్కింటికి పరిగెత్తింది. నేను మాస్కు పెట్టుకుంటే ఒకావిడ "భయమెందుకమ్మా, విశ్వాసం ఉంచు" అని తీయించబోయింది. వాళ్లు మంచివాళ్లే. మంచితనానికి కాస్త తెలివి కూడా తోడు కావాలి. కీమో మధ్యలో ఒంట్లో వేడి 100.4 డిగ్రీలు దాటితే ఆ క్షణమే ఆసుపత్రికి పరుగెత్తాలి. కూటం పెట్టుకుని కూర్చోవడానికి లేదు. ఈ ఒక్క వాక్యం మీ చర్చి బులెటిన్‌లో అచ్చేస్తే, పరామర్శలన్నిటికన్నా ఎక్కువ ప్రాణాలు నిలుస్తాయి.

వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర గొంతు తగ్గించి ఒక ప్రశ్న వేస్తారు. "ఏదైనా ఒప్పుకోని పాపం ఉందేమో చూసుకో తల్లీ." యోబు స్నేహితులు కూడా ఇంతే. ఏడు పగళ్లూ ఏడు రాత్రులూ అతని పక్కన నేలమీద నోరు మెదపకుండా కూర్చున్నారు. అంతవరకూ వాళ్లంత గొప్ప స్నేహితులు లేరు. నోరు తెరిచాకే చెడింది. చివరికి దేవుడు వాళ్లనే మందలించాడు. పుట్టుగుడ్డివాణ్ణి చూపించి పాపం వీడిదా, వీడి తల్లిదండ్రులదా అని శిష్యులు అడిగితే, ఎవరిదీ కాదన్నాడు యేసు. ఆదివారం ఆదివారం ఆయన్నే పాడుతూ, సోమవారం రోగి గుమ్మంలో ఆయన కొట్టేసిన ప్రశ్నే మళ్లీ ఎత్తుకొస్తారా? అలా అడిగినావిడకు నేను తలుపు చూపించాను. మళ్లీ వచ్చినా అదే చేస్తాను.

మా సంఘంలోనే ఒక పిల్లవాడికి ల్యుకేమియా. ప్లేట్‌లెట్లు పడిపోయాయి. తండ్రి వాట్సాప్ గ్రూపులో రాత్రిపూట మెసేజ్ పెట్టాడు, ఏ గ్రూపు రక్తం కావాలో, ఏ బ్లడ్ బ్యాంకుకు రావాలో రాశాడు. నిమిషాల్లో ఆమెన్‌లు వచ్చిపడ్డాయి. చేతులు జోడించిన బొమ్మలు, పావురాలు, వాక్యం రాసిన సూర్యోదయాలు. ఆ వరదలో అతని మెసేజ్ పైకి కొట్టుకుపోయి, కొత్తగా చూసినవాళ్లకు విషయమే తెలియలేదు. దాత నుంచి యంత్రంతో ప్లేట్‌లెట్లు తీయడానికి గంటన్నర పైనే పడుతుంది. తీశాక నిల్వ ఉండేది అయిదు రోజులు. ముందే కొని ఫ్రిజ్‌లో దాచుకునే సరుకు కాదు. మనిషే రావాలి, చెయ్యి చాపాలి, కుర్చీలో కదలకుండా కూర్చోవాలి. నాలుగొందల మంది దాకా ఉన్న గ్రూపులోంచి ఆ రాత్రి వచ్చింది ఇద్దరు కుర్రాళ్లు. ఇంకొక దాత మా ఆఫీసులో డెవలపర్, ఏ చర్చికీ వెళ్లడు, నైట్ షిఫ్టు మధ్యలో మేనేజరుకు చెప్పి బయల్దేరాడు. మిగతావాళ్లు పొద్దున్నే "ఎలా ఉన్నాడు బాబు? ప్రార్థిస్తున్నాం" అన్నారు.

ప్రార్థన చేశారు సరే, రక్తమిచ్చారా? ఒంట్లో బాగాలేనివాళ్లను, ముసలివాళ్లను నేనడగడం లేదు. ఉదయం గచ్చిబౌలి స్టేడియం చుట్టూ పరుగెత్తి, ఆ ఫొటో స్టేటస్ పెట్టేవాళ్లను అడుగుతున్నాను.

పక్షవాతం వచ్చినవాణ్ణి నలుగురు మోసుకొచ్చిన కథ మీకు తెలుసు. గుంపు వల్ల లోపలికి దారి లేకపోతే ఇంటి కప్పు విప్పి మంచంతో సహా కిందికి దించారు. యేసు వాళ్ల విశ్వాసం చూశాడని రాసి ఉంది, మోసినవాళ్ల విశ్వాసం. ఆ విశ్వాసం కంటికి ఎలా కనిపించింది? చెమటతో, చేతులకు అంటిన మట్టితో కనిపించింది. వాళ్లు వీధి చివర నిలబడి ఆమెన్ అని ఉంటే రోగి మంచం మీదే ఉండేవాడు.

మోసినవాళ్లు నాకూ ఉన్నారు. నా కోపమంతా వాళ్లను చూశాకే ఇంత పెరిగింది, అలా ఉండటం సాధ్యమేనని తెలిసింది కాబట్టి. రేడియేషన్ వారానికి అయిదు రోజులు, వారాల తరబడి. మిషను కింద పడుకునేది నిమిషాలే, కొత్తగూడ సిగ్నలు దాటి వెళ్లి రావడానికి పూట పోతుంది. మా సెల్ గ్రూపులో, అంటే ఇళ్లలో ప్రార్థనకు కలిసే మా చిన్న బృందంలో, ఒక అక్క కాగితం మీద గళ్లు గీసి, ఏ రోజు ఎవరి కారో రాసి, ఫ్రిజ్ మీద అంటించి వెళ్లింది. ఒక్కరోజు కూడా గడి ఖాళీగా లేదు. ఇంకొకావిడకు ఎవరో చెప్పారు, కీమోలో నోటికి ఇనుప రుచి తగులుతుందని. స్టీలు గిన్నె మానేసి పింగాణీ గిన్నెలో పెరుగన్నం, చెక్క గరిటె. ఇంగువ లేకుండా చారు. గుమ్మం దగ్గర పెట్టి బెల్లు కొట్టి వెళ్లిపోయేది, లోపలికొచ్చేది కాదు. బయాప్సీ రిపోర్టు వచ్చిన రోజు మా అయ్యగారు చాలాసేపు కాగితం చూశారు. "నాకిది అర్థం కాదమ్మా. అర్థమయ్యేవాళ్ల దగ్గరికి రేపే పోదాం, నేనూ వస్తాను" అన్నారు. కారిడార్‌లో ప్లాస్టిక్ కుర్చీలో సాయంత్రం దాకా కూర్చున్నారు. ఆయన చర్చికి ఎల్ఈడీ తెర లేదు.

1876 నుంచి 78 దాకా కరువు వచ్చినప్పుడు ఒంగోలులో మిషనరీ జాన్ క్లౌ చేసింది కూడా ఇలా మోయడమే. బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల కాంట్రాక్టు తాను తీసుకుని, ఆకలితో చచ్చేవాళ్లకు పారలు ఇచ్చి కూలి కట్టాడు. వేలమంది బాప్తిస్మం ఇమ్మని వెంటపడ్డారు. కరువు పనులు నడుస్తున్నంతకాలం ఇవ్వనన్నాడు. ఆకలి మీద మతం కట్టకూడదనే పట్టింపు ఆయనది. అవన్నీ ముగిశాక, 1878 జులై 3న, గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది. మావాళ్లకు ఈ అంకె మాత్రం కంఠతా వచ్చు. దాని ముందున్న పార మరిచిపోయారు. ఆకలిగొన్నవాడి నిస్సహాయతను వాడుకోకూడదని ఆయన ఆగాడు. మీరు క్యాన్సర్ రోగి భయం మీద నూనె సీసాలు అమ్ముతున్నారు. ఆయన పేరు మీ నోట పలకొద్దు.

ఆ పార ఇవాళ పట్టాల్సిన చోటు దూరమేమీ కాదు. హైటెక్ సిటీ స్టేషన్‌లో ఎంఎంటీఎస్ రైలు ఎక్కి లక్డీకాపూల్‌లో దిగితే, రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి. 1955 నుంచీ ఉన్న సర్కారు ఆసుపత్రి. ఆరోగ్యశ్రీ కింద పది లక్షల దాకా వైద్యమని 2023 డిసెంబరు నుంచి ఉత్తర్వు ఉంది. కానీ మహబూబ్‌నగర్ నుంచో ఆదిలాబాద్ నుంచో వచ్చినవాళ్లకు రాత్రి పడుకోవడానికి చోటేది, ఏ కౌంటరులో ఏ కాగితం ఇవ్వాలో చెప్పే మనిషేడి? మన చర్చి కుర్రాళ్లకు ఇంగ్లీషు వచ్చు, పోర్టల్‌లో అప్లికేషన్ నింపడం వచ్చు, శనివారాలు సెలవు. ఇంతకన్నా తేలికైన సువార్త పని ఏముంది? దానికి ఎవరూ రారు. వేదిక మీద కీబోర్డు వాయించడానికి మాత్రం వరస కడతారు.

  

నన్ను చూసి సంబరపడే నాస్తిక మిత్రులారా, చప్పట్లు ఆపండి. మతం వదిలేస్తే పీడా పోతుందని మీ సలహా. స్టెరాయిడ్ సూది వేసిన రాత్రి నిద్ర పట్టదు. మూడింటికి లేచి కూర్చుంటే ఎదురుగా ఖాళీ గోడ, కడుపులో తిప్పు, పక్క గదిలో పసిబిడ్డ ఊపిరి. ఆ గంటలో నా చేతిలో ఉన్నది మా అమ్మమ్మ ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం, అట్ట ఊడిపోయినది. నేను పాడింది నాకు వినబడాలని, దేవుడు విన్నాడని నా నమ్మకం. మీ దగ్గర ఆ గంటకు ఏముంది? ఉంటే తెచ్చి ఇవ్వండి, రోగులకు పంచుదాం. లేకపోతే, మందు డాక్టరుదనీ ధైర్యం దేవుడిదనీ చెప్పే నాలాంటిదాన్ని మూర్ఖురాలనకండి. గెత్సేమనే తోటలో గిన్నె తొలగించమని చెమటలు కక్కుతూ వేడుకున్నవాడే నా దేవుడు. గిన్నె తొలగలేదు. భయపడినవాడు, భయమని ఒప్పుకున్నవాడు. ఐవీ స్టాండు పక్కన నాకు కావాల్సింది అలాంటివాడే.

చికిత్స అయ్యాక సాక్ష్యం చెప్పమని ఒక పెద్ద కూటానికి పిలిచారు. డోక్సోరూబిసిన్, సైక్లోఫాస్ఫమైడ్, పాక్లిటాక్సెల్ అని మందుల పేర్లతో మొదలుపెట్టాను. డోక్సోరూబిసిన్ అనే ఆ ఎర్రమందును చేత్తో నెమ్మదిగా ఎక్కిస్తూ, మధ్య మధ్య నరంలోంచి రక్తం వెనక్కి వస్తుందో లేదో చూస్తూ, నా ముఖంలోంచి చూపు తిప్పని మలయాళీ సిస్టర్ గురించి చెప్పాను. కార్ల కాగితం గురించి చెప్పాను. పెరుగన్నం దాకా వచ్చేసరికి సమయం అయిపోయిందని మైకు తీసేసుకున్నారు. నా తర్వాత ఒకాయన తన గడ్డ ప్రార్థనలో కరిగిపోయిందని చెబితే అరగంట ఇచ్చారు. ఆయన కీమో చేయించుకున్న కుర్చీ నా కుర్చీకి రెండు కుర్చీల అవతల. సభలో కూర్చున్న కొత్త రోగి ఇంటికెళ్లి ఏ మాట నమ్ముతాడో, ఏ అపాయింట్‌మెంట్ రద్దు చేసుకుంటాడో, ఆ మైకు పట్టుకున్నవాళ్లు ఒక్క క్షణం ఆలోచించారా?

కరగని గడ్డలున్నాయి. అది మాట్లాడకుండా ఈ వ్యాసం ఆపను.

నయం కాక పోయినవాళ్ల సమాధి కార్యక్రమంలో గుసగుసగా తిరిగే మాట ఒకటుంది: విశ్వాసం చాలలేదు. ఇంతకన్నా నీచమైన మాట నేను వినలేదు. కీమో, ఆపరేషను, మళ్లీ కీమో భరించి, కడసారి ఊపిరి దాకా పాడుతూ పోయిన మనిషి మీద, ఆదివారం ఏసీలో కూర్చోవడమే పెద్ద త్యాగమైనవాడు తీర్పు చెబుతాడు. ముల్లు తీసేయమని పౌలు మూడుసార్లు అడిగాడు, తీయలేదు. పౌలుకూ చాలలేదా? నాకు కూడా తిరగబెట్టవచ్చు, డాక్టరు దాచలేదు. తిరగబెట్టి నేను పోతే, నా పెట్టె దగ్గర ఆ మాట అనడానికి ఎవ్వరికీ అనుమతి లేదు. ఇప్పుడే రాసిపెడుతున్నాను, మా ఆయన చదివి వినిపిస్తాడు.

అద్భుతం జరుగుతుంది, జరుగుతుంది అని చివరిదాకా ఊదరగొట్టేవాళ్లు ఈ అధ్యయనం కూడా చూడాలి. 2013లో అమెరికాలో, ముదిరిన క్యాన్సర్ ఉన్న 343 మందిని గమనించిన అధ్యయనంలో, మత సమాజం నుంచి బాగా అండ దొరికిందన్నవాళ్లే చివరి రోజుల్లో నొప్పి తగ్గించే హాస్పిస్ సేవకు తక్కువగా వెళ్లారు, ఐసీయూలో గొట్టాల మధ్య ఎక్కువగా పోయారు. వైద్య బృందమే ఆత్మీయ ధైర్యం కూడా చెప్పినచోట ఎక్కువమంది హాస్పిస్‌కు వెళ్లారు. మన సంఘం ఇచ్చే ప్రేమే ఒక మనిషి చివరి వారాన్ని నరకం చేయగలదని దీనర్థం. పిల్లలతో వీడ్కోలు మాటలు చెప్పుకోవాల్సిన గంటలో, ఒప్పుకుంటే విశ్వాసం తప్పినట్టేనని మనిషిని మూగవాణ్ణి చేస్తున్నారు.

ఐటీ టవర్లకు కూతవేటు దూరంలో, ఖాజాగూడలో, స్పర్శ్ హాస్పిస్ ఉంది. బంజారాహిల్స్ రోటరీ క్లబ్బువాళ్లు 2011లో మొదలుపెట్టారు. చివరి దశలో ఉన్నవాళ్లకు నొప్పి తెలియకుండా, పైసా తీసుకోకుండా చూసుకుంటారు. చుట్టుపక్కల మనకు ఎన్ని చర్చీలు, ఎన్ని వాక్య పరిచర్యలు, ఎన్ని యూట్యూబ్ ఛానళ్లు! అలాంటి ఇంకొకటి కట్టే స్తోమత మనకు లేదనకండి. మీ కొత్త ఆడిటోరియం లైట్ల బిల్లు నేను చూశాను.

ఈ నెల సంఘ పెద్దల మీటింగులో లెక్కలు చదువుతారు. సౌండ్ సిస్టం పద్దు ఉంటుంది, కన్వెన్షన్ పద్దు ఉంటుంది, అతిథి ప్రసంగీకుల విమానం టికెట్ల పద్దు ఉంటుంది. రోగుల కారు ఖర్చుకూ, రక్తదాతల జాబితాకూ, రెడ్‌హిల్స్‌లో ఒక అద్దె గదికీ పద్దు ఏదని లేచి అడగండి. ఆధ్యాత్మిక విషయాల మధ్య ఇవేమిటని పెద్దలు ముఖం చిట్లిస్తారు. కూర్చోమంటారు. కూర్చోకండి.